మడుగు గట్టు మీద ఉసిరి చెట్టు

ఆ ఉసిరి మొక్కను నాటింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే ఎవరో ఒకరు మీ చెవిలో "అసలు నాటింది ఆవిడేనటండి" అని ఊదుతారు. నాటాను, నీళ్లు పోశాను, మేకలు కొరక్కుండా చుట్టూ ముళ్లకంప కట్టాను. పదకొండేళ్ల తర్వాత కార్తీకమాసంలో, అదీ సోమవారం పూట, నా చేత్తోనే నరికాను. పాపం అన్నారు, మతి పోయిందన్నారు. అననివ్వండి. ముప్పై మూడేళ్లు డ్రిల్ టీచరుగా చేసినదాన్ని. ఎండలో నిలబడి మాటలు పడటం నాకేమీ కొత్త కాదు.

బాపట్ల నుంచి రేపల్లె వెళ్లే దారిలో సముద్రం వైపు ఒక మట్టిరోడ్డు చీలుతుంది. దాని చివర ఉంటుంది మడుగు. పెద్దదేమీ కాదు. చుట్టూ నడిస్తే అరగంట, నాతో నడిస్తే ఇరవై నిమిషాలు. ఒకవైపు సరుగుడు తోపు, ఇంకోవైపు రొయ్యల చెరువులు, మధ్యలో మొదళ్ల దాకా నీళ్లలో మునిగిన పాతిక ముప్పై తుమ్మచెట్లు. ఆ తుమ్మల మీద పక్షులు గూళ్లు కట్టుకుంటాయని అటవీశాఖ వాళ్లు ఎప్పుడో దాన్ని రక్షిత ప్రాంతం చేశారు. గేటు పక్కన ఒక బోర్డు పెట్టారు. మైకులు, టపాకాయలు, పెంపుడు కుక్కలు నిషేధం అని రాసి ఉంటుంది. నేను మొదటిసారి చూసేనాటికే ఆ అక్షరాలు సగం వెలిసిపోయాయి. లోపల ఒక చెక్క మంచె, రెండు తొక్కుడు పడవలు, టికెట్లిచ్చే రేకుల గది, ఒక గార్డు. అంతకుమించి ఏమీ లేదు.

నన్ను అక్కడికి మొదట తీసుకెళ్లింది బాపట్ల స్కూల్లో నాతో పనిచేసిన సైన్సు టీచరు. లూథరన్ చర్చికి వెళ్లే కుటుంబం వాళ్లది. ఆదివారం ఆవిడకి కుదరదు కాబట్టి మాకు శనివారం ఒంటిపూట బడి అయ్యాక ప్రయాణం. అప్పట్లో నాకు పక్షుల గురించి ఓనమాలు రావు. తెల్లగా ఉంటే కొంగ, నల్లగా ఉంటే కాకి. ఆవిడే బైనాక్యులర్స్ నా మెడలో వేసి నత్తకొంగను చూపించింది. దాని ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. ఆ సందుతోనే నత్తల్ని పట్టుకుంటుందట.

"అది నోరు పూర్తిగా మూసుకోలేదండి టీచర్," అంది.

"అయితే మా చుట్టమే," అన్నాను.

పడవ ఎక్కితే ఆవిడ బరువుకి అటు ఒరిగేది. నేను ఇటువైపు కూర్చుని పరుగుపందెంలో ఉన్నట్టు తొక్కేదాన్ని. పడవ ముందుకెళ్లకుండా ఉన్నచోటే గిరగిరా తిరిగేది. గట్టు మీద నుంచి గార్డు "ఇద్దరూ కలిసి తొక్కండమ్మా, ఒకళ్లు తొక్కితే అది ఎటూ పోదు" అని నెమ్మదిగా చెప్పేవాడు. ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని ఏడాదికోసారి అక్కడికి నడిపించుకుని తీసుకెళ్లేదాన్ని. గేటు దగ్గర ఆగి, మెడలో విజిల్ తీసి బ్యాగులో వేసుకునేదాన్ని. అరవై మంది పిల్లలు గంటసేపు మాట్లాడకుండా గట్టు చుట్టూ నడిచేవాళ్లు. నా ఉద్యోగం మొత్తంలో నేను విజిల్ లేకుండా చేయించగలిగిన డ్రిల్ అదొక్కటే.

నేను పెళ్లి చేసుకోలేదు. తెనాలిలో తమ్ముడి ఇంట్లో పై వాటాలో ఉండేదాన్ని. రోజూ రైల్లో బాపట్ల వెళ్లి రావడం. వాడి పిల్లలే నా పిల్లలు, మరదలు పెట్టిందే నాకు తిండి. అందులో నాకు ఏ లోటూ లేదు. కానీ ఇంట్లో అత్తనీ, బడిలో మేడాన్నీ, ఎక్కడికెళ్లినా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అయి ఉండాల్సిందే. ఆ మడుగు దగ్గర మాత్రం ఎవరికీ ఏమీ కానక్కర్లేదు. అక్కడ ఎంత సంతోషంగా ఉండేదాన్నో ఇప్పుడు చెప్పాలంటే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఇక ఉసిరి సంగతి. ఒక కార్తీకంలో మా స్కూలు ఆడ టీచర్లం పదిమందిమి అక్కడికి వనభోజనానికి వెళ్లాం. విస్తళ్లు వేశాం, పులిహోర గిన్నె మూత తీశాం. తెలుగు టీచరు గారు చుట్టూ చూసి, "ఉసిరి చెట్టేదండీ?" అన్నారు. లేదు. సరుగుడు ఉంది, తుమ్మ ఉంది, ఉసిరి లేదు. కార్తీకంలో వనభోజనం అంటే ఉసిరి నీడన తినాల్సిందే, లేకపోతే అది ఉత్త పిక్నిక్ అని ఆవిడ విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డారు. చివరికి గార్డు ఊళ్లోకి వెళ్లి ఎవరి పెరట్లోదో ఒక ఉసిరి కొమ్మ తెచ్చాడు. పడవలో నీళ్లు తోడే బకెట్లో ఇసక పోసి కొమ్మ గుచ్చి, దాని చుట్టూ కూర్చున్నాం. నీడ మాట దేవుడెరుగు, కొమ్మ పక్కకు పడిపోకుండా ఒకరు పట్టుకుంటే తక్కినవాళ్లం తిన్నాం.

"ముందే చెప్పకపోయారా, నా దగ్గర ఉసిరి పచ్చడి ఉందండి. సీసా మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్లం," అంది సైన్సు టీచరు. అందరూ నవ్వారు. నాకు మాత్రం పట్టుదల వచ్చింది. మా మడుగుకి ఏదో లేదని ఒకరు అనడం నేను భరించలేకపోయాను.

మరుసటి వానాకాలం బాపట్లలో నర్సరీ నుంచి అంటుమొక్క కొనుక్కుని వెళ్లాను. నేను గొయ్యి తీస్తుంటే గార్డు వచ్చి నిలబడ్డాడు.

"ఇక్కడ మనం మొక్కలు పెట్టకూడదేమోనండి, మేడం గారూ."

"కూడదని బోర్డు మీద ఉందా?"

"బోర్డు మీదైతే లేదండి."

"మరింకేంటి. ఆ బకెట్టు ఇటివ్వు."

నా తప్పు అక్కడే మొదలైంది. మడుగుకి ఉసిరి అక్కర్లేదు. ఉసిరి కావాల్సింది మాకు. ఈ తేడా అర్థం కావడానికి నాకు పదేళ్లు పట్టింది.

మొక్క బతికింది. అయిదో ఏడు కాపుకొచ్చింది. నేను రిటైరయ్యాను. ఆ కార్తీకంలో తమ్ముణ్ణి, మరదల్ని, పిల్లల్ని తీసుకెళ్లి నా చెట్టు చూపించాను. మరదలు ఉసిరికాయల మీద దీపాలు పెట్టింది. తమ్ముడు ఫోన్‌తో వీడియో తీశాడు. దీపాలు, పక్కన నీళ్లు, వెనక తుమ్మల మీద తెల్లగా కొంగలు. వాడు మా కులసంఘానికి కార్యదర్శి. "మా అక్కయ్య నాటిన చెట్టు" అని రాసి సంఘం గ్రూపులో పెట్టాడు. ఎంత పొంగిపోయానో చెప్పలేను. వచ్చిన దండాల బొమ్మలన్నీ రెండుసార్లు చూసుకున్నాను.

ఏడాది తిరిగేసరికి సంఘం రెండు బస్సుల్లో దిగింది. షామియానా, జనరేటరు, నిలువెత్తు సౌండ్ బాక్సులు. ఆ పైఏడు ఇంకో కులం వాళ్లు చూశారు, వాళ్లూ వచ్చారు. కార్తీకంలో నాలుగు ఆదివారాలు, నాలుగు సంఘాలు. ఎవరి ఆదివారం వాళ్లు ముందే చెప్పి ఉంచుకునేవాళ్లు. ఎవరు మైకు పట్టుకున్నా వాళ్ల జాతి లేకపోతే దేశం లేదన్నట్టే మాట్లాడేవాళ్లు. ఆదివారం ఉసిరికాయ తినకూడదంటారు మనవాళ్లు. దాని కింద కూర్చుని పనీర్ బిర్యానీ తినొచ్చు కాబోలు. ఏకై వచ్చి మేకైంది నా మొక్క.

ఒక ఆదివారం సైన్సు టీచరు చర్చి అవగానే నాతో వచ్చింది. మంచె ఎక్కి కూర్చున్నాం. పాట మొదలైంది. మొదటి దెబ్బకే తుమ్మల మీద కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. గూళ్లలో పిల్లలున్నాయి, పుట్టి వారం పది రోజులైన పిల్లలు, ఇంకా నూగు మాత్రమే ఉన్నవి. తల్లులు పైన తిరుగుతున్నాయి, దిగడం లేదు. బిర్యానీ కోసం వచ్చిన కాకులు దిగాయి. బైనాక్యులర్స్‌లో నేను చూస్తుండగానే ఒక కాకి గూట్లోకి వంగి, ఒక పిల్లను మెడ పట్టుకుని ఎత్తుకుపోయింది. మళ్లీ వచ్చి రెండోదాన్ని తీసుకెళ్లింది. అంత తీరిగ్గా చేసింది ఆ పని.

సైన్సు టీచరు బైనాక్యులర్స్ దించి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత గట్టు వైపు చూసి, "ఉసిరి బాగా కాసిందండి ఈ ఏడు," అంది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాతి శనివారం గట్టు వైపున్న మూడు తుమ్మల మీద గూళ్లన్నీ ఉత్తవే.

నేను ఊరుకునే మనిషిని కాదు. అర్జీ రాసుకుని అటవీశాఖ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి అధికారి చదివి, పక్కన పెట్టి, "భక్తి విషయమండి. మేం కలగజేసుకుంటే పెద్ద గొడవవుతుంది. అయినా అక్కడ చెట్టుందని కదండీ వస్తున్నారు. చెట్టే లేకపోతే పర్మిషన్ అడిగేవాళ్లే ఉండరు. ఎవరో మహానుభావులు నాటారు," అన్నాడు.

"నేనేనండి ఆ మహానుభావురాలిని," అన్నాను. అతను గబుక్కున లేచి కాఫీ తెప్పించాడు. అర్జీ మాత్రం అలాగే ఉండిపోయింది.

మళ్లీ కార్తీకం వచ్చింది. తమ్ముడు మేడ మీదకి వచ్చి, సంతోషంగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, చెట్టు చుట్టూ అరుగు కట్టిస్తున్నాం. పాలరాయి మీద నీ పేరు చెక్కిస్తాం. ఈ ఆదివారం నీకు సన్మానం, బుధవారం నుంచి పని మొదలు."

అరుగు కడితే అరుగు మీదకి విగ్రహం వస్తుంది. విగ్రహం వస్తే ఏడాది పొడుగునా మైకు వస్తుంది.

"వద్దురా. గూళ్లలో పిల్లలున్నాయి."

"ఏడాదికి ఒక్కరోజేగా అక్కా."

"మీకు ఒక్కరోజు. వాటికి నెలంతా."

"వాటికేంటి, రెక్కలున్నాయి. ఇంకోచోటికి పోతాయి."

"పిల్లలకి ఇంకా రాలేదురా."

వాడు నవ్వి, సన్మానానికి పట్టుచీర కట్టుకోమని చెప్పి దిగి వెళ్లిపోయాడు. వాడు చెడ్డవాడు కాదు. నా మీద ప్రేమతోనే చేస్తున్నాడు ఇదంతా. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

సన్మానానికి వెళ్లాను. శాలువా కప్పించుకున్నాను. మైకు చేతికి రాగానే, "దయచేసి ఈ మైకు కట్టేయండి. వెనక్కి తిరిగి ఆ చెట్ల మీద ఏం జరుగుతుందో చూడండి," అన్నాను. చప్పట్లు కొట్టారు. తమ్ముడు మైకు తీసుకుని, "మా అక్కయ్యకి మూగజీవాలంటే ప్రాణం," అన్నాడు. ఇంకా గట్టిగా కొట్టారు. పాట పెట్టారు. కోపం ఆపుకోలేక బ్యాగులోంచి పాత విజిల్ తీసి ఊపిరంతా పెట్టి ఊదాను. ఆటల పోటీ మొదలైందనుకుని ఆడవాళ్లు నిమ్మకాయలు, చెంచాలు తీసుకుని వరసగా నిలబడ్డారు. ఆ విజిల్‌కి, అప్పటిదాకా బెదరకుండా గూళ్లను అంటిపెట్టుకున్న రెండు కొంగలు కూడా లేచిపోయాయి. అవి నా వల్లే లేచాయి. ఆ మాట దాచుకోను.

మర్నాడు సోమవారం. మొదటి రైలెక్కాను. సంచిలో రంపం, గొడ్డలి. బాపట్ల స్టేషన్లో సైన్సు టీచరు ఇడ్లీ డబ్బాతో ఎదురుచూస్తోంది. ముందురోజు ఫోన్‌లోనే చెప్పాను ఆవిడకి.

"మీవాళ్లు ఊరుకోరండి టీచర్."

"ఊరుకోరు. మీరు మాత్రం గట్టు మీదకి రాకండి. మీ చెయ్యి పడిందంటే కథ ఇంకోలా చెప్తారు."

ఆవిడకి నేను ఏమంటున్నానో తెలుసు. చర్చికెళ్లే మనిషి కార్తీకంలో ఉసిరి నరికిందని ఊరంతా పాకితే, ఆ తర్వాత కొంగల మాట ఎవడికి కావాలి. మంచె ఎక్కి కూర్చుంటానని ఒప్పుకుంది. నేను ఒక్కదాన్నే గట్టు మీదకి నడిచాను.

కాండం నా తొడంత లావైంది. అరవై దాటిన చేతులు, మొద్దుబారిన రంపం. నాలుగు లాగుళ్లు లాగి ఆగడం, మళ్లీ లాగడం. కొమ్మలు కదిలినప్పుడల్లా కాయలు రాలి, గట్టు మీద నుంచి దొర్లి నీళ్లలో పడుతున్నాయి. ఏడుపొచ్చింది. చెంబులతో నీళ్లు పోసి పెంచినదాన్ని, రాదా మరి. ఏడుస్తూనే లాగాను. సగం తెగాక గార్డు వచ్చాడు. జుట్టు నెరిసిపోయింది అతనిదీ.

"మేడం గారూ, ఇది కేసవుతుందండి."

"రాసుకో బాబూ."

"నాటినప్పుడు నేను చూసీ చూడనట్టు ఊరుకున్నానండి."

"ఇప్పుడు చూసి రాయి. నీ ఉద్యోగానికి నేను అడ్డం రాను."

అతను తుమ్మల వైపు చూశాడు. కొంగలు గూళ్ల మీదే ఉన్నాయి, రంపం చప్పుడు వాటిని ఏమీ చెయ్యలేదు. గార్డు దూరంగా వెళ్లి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. చెట్టు పడ్డాక వెనక్కి వచ్చి అప్పుడు పుస్తకం తీశాడు.

గురువారం ఆఫీసుకి పిలిచారు. తమ్ముడు బండి మీద తీసుకెళ్లాడు. అదే అధికారి, అదే బల్ల. నాటినందుకు కాఫీ ఇచ్చిన చోటే నరికినందుకు కాగితం పెట్టారు. ముందే టైపు చేయించి ఉంచారు. వయసు పైబడి, మనసు సరిగా లేక, తెలియక చేశాను, క్షమించగలరు అని. కింద సంతకం పెడితే చిన్న జరిమానాతో పోతుంది. అదే కాగితం సంఘంలో చదివితే వాళ్లూ శాంతిస్తారు. ఇదంతా తమ్ముడే మాట్లాడి కుదిర్చాడని అప్పుడర్థమైంది.

"పెట్టెయ్యి అక్కా," అన్నాడు.

నేను ఆ కాగితం తిప్పి, వెనక తెల్లగా ఉన్న వైపు నా చేత్తో రాశాను. ఈ చెట్టును తెలియక నాటాను, తెలిసే నరికాను, ఏ శిక్ష వేసినా అనుభవిస్తాను అని రాసి సంతకం పెట్టాను. అధికారి చదివి తల పట్టుకున్నాడు. తమ్ముడు చదివి, హెల్మెట్ తీసుకుని బయటికి నడిచాడు. నేను బయటికొచ్చేసరికి బండి లేదు. తను నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాననీ, నేను తప్పు ఒప్పుకునేదాకా ఆ గుమ్మం తొక్కొద్దనీ ఆ సాయంత్రం ఫోన్ చేసి చెప్పాడు.

తొక్కలేదు. నా బట్టలు, ఒక కుక్కరు మరదలు ఆటోలో పంపించింది. బాపట్లలో సైన్సు టీచరు వాళ్ల వీధిలోనే ఒక గది తీసుకున్నాను. పెద్ద జరిమానాయే వేశారు. నా పెన్షన్‌లోంచే కట్టాను. కార్తీకంలో మిగిలిన సంఘాల వాళ్లు పిట్టలవానిపాలెం దగ్గర ఎవరిదో తోటలో, అక్కడున్న ఉసిరి కింద షామియానాలు వేసుకున్నారు. భోజనాలు బాగా జరిగాయని విన్నాను. జరగాలి కూడా. ఆ నెల నుంచి సంక్రాంతి దాటేదాకా ప్రతి శనివారం నేనూ సైన్సు టీచరూ మంచె మీద కూర్చున్నాం. గట్టు వైపు తుమ్మల మీద గూళ్లలో పిల్లలు నూగు రాల్చి, ఈకలు తొడిగి, గూటి అంచున నిలబడి రెక్కలు విదిలించాయి. మొదటిది ఎగిరిన రోజు సైన్సు టీచరు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఉసిరి మొండిది. ఎండాకాలం రాకముందే మొదలు చుట్టూ చిగుళ్లు వేసింది, ఎర్రగా, లేతగా. గార్డు వాటిని ఫోటో తీసి ఎవరికి పంపాడో, అది తిరిగి తిరిగి తమ్ముడి దాకా వెళ్లింది. మూడు నెలల తర్వాత వాడి ఫోన్ వచ్చింది.

"చెట్టు చిగురేసిందటగా అక్కా."

"వేసింది."

"సంఘంలో అందరూ సంతోషపడుతున్నారు. అమ్మవారే నిలబెట్టుకుందంటున్నారు. దాన్నలా వదిలెయ్యి, చాలు. నువ్వేం ఒప్పుకోనక్కర్లేదు. గది ఖాళీ చేసి ఇంటికొచ్చెయ్యి. పిల్లలు అడుగుతున్నారు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడు ఇంతకంటే దిగలేడు. ఆ మేడ, ఆ పిల్లల గోల, మరదలి చేతి చారు, అన్నీ ఒక చిగురుకి కట్టి నా ముందు పెట్టాడు. రేపు చెప్తానని ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి సరిగా తినలేదు.

తెల్లవారి మొదటి ఆటోకి వెళ్లాను. గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక్కొక్క చిగురూ మొదలంటా గిల్లేశాను. పన్నెండో పదమూడో ఉన్నాయి. వేళ్లకి పసరంటుకుంది. కడుక్కోకుండానే తమ్ముడికి ఫోన్ చేశాను.

"గిల్లేశానురా. మళ్లీ వేస్తే మళ్లీ వచ్చి గిల్లుతాను. నువ్వు అన్నానికి రమ్మంటే మాత్రం ఈ పూటే బయల్దేరతాను."

వాడు ఫోన్ పెట్టెయ్యలేదు. వాడి ఊపిరి వినపడుతూనే ఉంది. నేనూ పెట్టెయ్యకుండా, ఆ మోడు పక్కనే కూర్చున్నాను.